అంకెలకు కావలి పెట్టిన మేధావి: హాన్స్ పీటర్ లూన్

మనుష్యుని గుర్తించుటకు పేరొక్కటియే చాలదని లోకము ఏనాడో తెలిసికొన్నది. ఒక తరగతిలో ఇద్దరు ప్రకాశరావులున్నచో ఉపాధ్యాయుడు హాజరుపట్టీలో వారి యింటిపేరులు చూచును. ఇంటిపేరులును ఒకటియే యైనచో వరుససంఖ్యను చూచును. ఆ సంఖ్యలో అంకె యొకటి తప్పినచో ఒకని మార్కులు వేఱొకని లెక్కలో పడును. పాఠశాలలో ఇట్టి పొరపాటును ఒక పూటలో దిద్దుకొనవచ్చును. బ్యాంకులోనో ఆసుపత్రిలోనో జరిగినప్పుడు మాత్రము ఒకని సొమ్ము మఱియొకనికి చేరును. ఒకని మందు మఱియొకనికి ఇయ్యబడును. ఈ కష్టమును ముందుగనే యూహించి అంకెలకు కావలి పెట్టిన మేధావి హాన్స్ పీటర్ లూన్. కంప్యూటరు శాస్త్రము నభ్యసించువారికి ఆయన పేరు సుపరిచితము. పేరెఱుగనివారు సైతము దినదినము ఆయన పద్ధతులను వాడుచునే యున్నారు. కావున ఆయన చరిత్రమును, ఆయన పద్ధతుల మర్మమును మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలుపగోరి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

లూన్ 1896 వ సంవత్సరము జూలై 1 వ తేదీన జర్మనీ దేశమందలి బార్మెన్ పట్టణమున జన్మించెను. ఈ పట్టణము తరువాతి కాలమున వుపర్టాల్ నగరములో చేరిపోయినది. తండ్రి యోహాన్ లూన్ మంచి పేరు గడించిన ముద్రాపకుడు. ఆ కాలపు అచ్చుకూటమున సీసపు అక్షరములు గళ్ళపెట్టెలలో నుండెడివి. కంపోజిటరు తనకు కావలసిన అక్షరమునకై పెట్టెనంతయు వెదకడు. అక్షరమును తలచుకొనగానే అతని చేయి సరియైన గడికి పోవును. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలయును. ముందు దీనితో మనకు పని గలదు.

కుమారుడు కులవృత్తిలో ప్రవేశింపవలెనని తలచి లూన్‌ను ముద్రణవిద్య నేర్చుకొనుటకై స్విట్జర్లాండు దేశమందలి సెంట్ గాలెన్ పట్టణమునకు పంపిరి. ఇంతలో 1914 లో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చిపడెను. లూన్ జర్మను సైన్యమున వార్తలను చేరవేయు శాఖలో అధికారిగా పనిచేసెను. యుద్ధము ముగిసిన పిదప ఆయన ముద్రణను విడిచి వస్త్రపరిశ్రమ వైపు మరలెను. ఆ పనియే ఆయనను 1920 వ దశకమున అమెరికాకు చేర్చెను.

అక్కడ ఆయన కనిపెట్టిన పరికరములలో లూనోమీటరు ముఖ్యమైనది. బట్ట యొక్క నాణ్యమును తెలిసికొనుటకు అంగుళమునకు ఎన్ని నూలుపోగులున్నవో లెక్కింపవలయును. నేతగాండ్రున్న ఊరివారికి ఈ పని యెంత కండ్లు నొప్పించునదో చెప్పనక్కరలేదు. లూన్ ఒక పారదర్శకమైన పలకపై సన్నని గీతలు గీయించెను. ఆ పలకను బట్టపై నుంచినంతనే గీతలును పోగులును ఒకదానిపై నొకటి పడి, నీడల వంటి చారలు కనబడును. ఆ చారలున్న చోట పలకమీది సంఖ్యను చదివినచో పోగుల లెక్క తెలియును. ఒక్కొక్క పోగును లెక్కింపవలసిన పని తప్పిపోయెను. అనేకములైన వస్తువులను ఒక్కొక్కటిగా చూడకయే వాని లెక్క తెలిసికొనుట యెట్లన్న ప్రశ్న లూన్ మనస్సున ఇట్లు మొదటనే నాటుకొన్నది.

పిమ్మట పెక్కేండ్లు ఆయన వస్త్రపరిశ్రమలోను, స్వతంత్రముగా సలహాలిచ్చు ఇంజనీరుగాను జీవించెను. జీవితకాలమున ఆయన పొందిన పేటెంటులు 80 కి మించినవి. మడచి పెట్టుకొనదగిన వానకోటు మొదలు ఆటబల్ల వఱకు ఆ జాబితాలో నుండెను. 1941 లో ఐ.బి.ఎం. కంపెనీవారు ఆయనను పరిశోధక ఇంజనీరుగా చేర్చుకొనిరి. అప్పటికి ఆయన వయస్సు 45 సంవత్సరములు. విశ్వవిద్యాలయపు ఆచార్యపదవి గాని, లోకప్రసిద్ధి గాని ఆయనకు లేదు. ఆయనను చిరస్మరణీయుని చేసిన పనులన్నియు ఆ వయస్సునకు తరువాతనే జరిగినవి.

ఆ కాలమున ఐ.బి.ఎం. యంత్రములకు అట్టకార్డులే ఆధారము. కార్డునకు 80 నిలువు వరుసలుండెను. రంధ్రములు పొడిచి అంకెలను, అక్షరములను తెలుపుచుండిరి. ఒక కార్డును వెదకవలెనన్న యంత్రము కట్టనంతయు ఒక్కొక్కటిగా దొర్లింపవలయును. రెండవ ప్రపంచ యుద్ధము ముగియునప్పటికి శాస్త్రగ్రంథములును వ్యాసములును కుప్పలుగా పెరిగిపోయెను. రసాయన శాస్త్రజ్ఞులు తమకు కావలసిన పదార్థముల వివరములను ఆ కుప్పలోనుండి తీయలేక, యంత్రసహాయము కోరి ఐ.బి.ఎం. కంపెనీకి వచ్చిరి. ఆ పని లూన్‌కు ఒప్పగింపబడెను. ఆయన కాంతిపుంజములతో కార్డులను పరీక్షించి వెదకు యంత్రమొకటి నిర్మించెను. అయినను యంత్రమెంత వేగముగా వెదకినను, అన్నిటిని వెదకుట వెదకుటయే. వెదకకయే చోటు తెలిసికొను ఉపాయము కావలెను.

ఆ యుపాయమును లూన్ 1953 జనవరిలో కంపెనీలోని వారికొఱకు వ్రాసిన చిన్న పత్రములో తెలిపెను. వస్తువు యొక్క పెద్దసంఖ్యను నలిపి చిన్నసంఖ్యగా చేయవలెను. ఆ చిన్నసంఖ్యయే ఆ వస్తువుండవలసిన అరను చూపవలెను. దీనిని ఒక ఉదాహరణముతో వివరించెదము. ఒక గ్రంథాలయమున 0000 మొదలు 9999 వఱకు అరలున్నవనుకొందము. ఒక పుస్తకపు సంఖ్య 35286147. దీనిని జంటలుగా విడదీసినచో 35, 28, 61, 47 వచ్చును. ఒక్కొక్క జంటలోని అంకెలను కూడుము. 8, 10, 7, 11 అగును. వీనిలో ఒకట్ల స్థానమును మాత్రము గ్రహింపుము. 8, 0, 7, 1. కావున ఆ పుస్తకము 8071 వ అరలో నుంచబడును. మరల ఎవ్వరైనను ఆ పుస్తకము నడిగినప్పుడు ఇదే లెక్క చేసి, తిన్నగా 8071 వ అరకు పోవలయును. తక్కిన 9999 అరలను చూడనక్కరలేదు. కంపోజిటరు చేయి తిన్నగా గడికి పోవునట్లే యంత్రపు చేయియు పోవును.

చురుకైన విద్యార్థి ఇక్కడ ఒక సందేహమును తప్పక అడుగును. 53286147 అను వేఱొక పుస్తకమున్నచో దాని గతి యేమి? మొదటి జంటను తిరుగవేసినను కూడిక మారదు గనుక దానికిని 8071 వ అరయే వచ్చును. నిజమే. పెద్దసంఖ్యలు అనేకములు, చిన్నసంఖ్యలు కొలది; కావున రెండు వస్తువులు ఒకే అరకు వచ్చి తగులుట తప్పదు. లూన్ ఈ లోపమును దాచలేదు. దీనికి భయపడి పద్ధతిని విడువను లేదు. రెండును ఒకే అరలో నుండవచ్చును. అర చేరిన తరువాత పూర్తి సంఖ్యను పోల్చి చూచి, కావలసిన దానిని తీసికొనవలయును. చిన్నసంఖ్య మనలను వాకిలి వఱకు చేర్చును. లోపల నున్నవా రెవరో విచారించుకొనుట మన పని. ఈ యొక్క మాటలో ఆ పద్ధతి యొక్క సారమంతయు గలదు.

ఇదియే నేడు హాషింగ్ అని పిలువబడు విధానము. హాష్ అను ఇంగ్లీషు మాటకు ముక్కలుగా తఱిగి కలగలుపుట యని అర్థము. ఈ పేరు లూన్ పెట్టినది కాదు. తరువాతివారి వాడుకలో వచ్చినది. ఆయన పత్రము కంపెనీలోనే యుండిపోగా, ఆర్నల్డ్ డూమీ అనునాయన 1956 లో ఈ విధమును గూర్చి పత్రికాముఖమున మొదట వ్రాసెను.

లూన్ చేసిన రెండవ గొప్ప పని, సంఖ్యను వ్రాయునప్పుడు కలుగు తప్పును పట్టుకొనుట. గుమాస్తా యెంత శ్రద్ధాళువైనను దినమునకు వందలకొలది సంఖ్యలు వ్రాయునప్పుడు ఒక అంకె తప్పుట సహజము. పక్కపక్క నున్న అంకెలు తారుమారగుటయు సహజము. అట్టివానిని దండించినందువలన తప్పులు మానవు. కావున సంఖ్యయే తన తప్పును తాను చెప్పునట్లు చేయవలెనని లూన్ తలచెను. 1954 జనవరి 6 వ తేదీన ఇందులకు పేటెంటు కోరుచు దరఖాస్తు పెట్టెను. 1960 ఆగస్టు 23 వ తేదీన అది మంజూరయ్యెను. ఆ దరఖాస్తులో నున్నది విద్యుత్తు యంత్రము కాదు. చేతిలో పట్టుకొని వాడదగిన చిన్న పరికరము.

పద్ధతి యిది. 45826 అను సంఖ్య గలదనుకొందము. కుడివైపు చివరి అంకె మొదలుకొని ఒకటి విడిచి యొకటి రెట్టింపవలయును. 6 రెట్టింపగా 12. అందలి అంకెలను కూడగా 3. తరువాతి 2 ను అట్లే యుంచుము. 8 రెట్టింపగా 16, కూడగా 7. తరువాతి 5 అట్లే యుండును. 4 రెట్టింపగా 8. అన్నిటిని కూడినచో 3, 2, 7, 5, 8 కలసి 25 అగును. దీనిని తరువాతి పదుల సంఖ్యయైన 30 కి చేర్చుటకు 5 కావలయును. ఆ 5 ను చివర చేర్చి 458265 అని వ్రాయవలయును. ఈ చివరి అంకెయే కావలివాడు. ఎవ్వరైనను 8 కి బదులు 3 వ్రాసినచో కూడిక 24 అగును, అప్పుడు చివర 6 ఉండవలసినది 5 ఉన్నది, తప్పు బయటపడును. 5, 8 తారుమారైనచో కూడిక 22 అగును, చివర 8 ఉండవలయును, అదియు బయటపడును. ఒక అంకె తప్పినప్పుడెల్ల ఈ కావలివాడు పట్టుకొనును. పక్క అంకెలు తారుమారైనప్పుడు 09, 90 అను జంట యొక్కటి తప్ప తక్కినవన్నియు పట్టుకొనును.

ఇది ఎక్కడనో దూరదేశమున జరుగు వింత యని తలంపవలదు. తలిదండ్రుల చేతిలోని సెల్‌ఫోనునకు 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య గలదు. *#06# అని నొక్కినచో అది తెరపై కనబడును. దాని చివరి అంకె లూన్ పద్ధతి ననుసరించి వచ్చినదే. బ్యాంకు కార్డులపై నుండు సంఖ్యలకును ఇదే కావలి. విద్యార్థులు తలిదండ్రుల అనుమతితో ఫోను సంఖ్యను కాగితముపై వ్రాసికొని లెక్క చేసి చూచినచో, పుస్తకములో చదివినది చేతిలో నిజమగుట చూడగలరు. మన ఆధార్ సంఖ్యలోని 12 వ అంకెయు ఇట్టి కావలివాడే. అయితే అది హాలండు దేశపు గణితజ్ఞుడు వెర్హోఫ్ 1969 లో ప్రకటించిన పద్ధతి. అది ఇంకను కఠినమైనది. 09, 90 జంటను సైతము విడువదు. లూన్ వేసిన బాటలో ఇతరులు ముందునకు నడచిరి.

ఈ కావలి యంకెకు ఒక హద్దు గలదు. సంఖ్య తప్పుగా వ్రాయబడినదని అది చెప్పును గాని, సంఖ్యను చూపువాడు దానికి హక్కుదారుడా కాడా యని చెప్పజాలదు. పొరపాటును పట్టుకొనుట వేఱు. మోసమును పట్టుకొనుట వేఱు.

1958 లో లూన్ మఱి రెండు పద్ధతులను లోకమునకు చూపెను. వ్యాసముల శీర్షికలలోని ముఖ్యపదములను అకారాది క్రమమున అమర్చి, ఏ పదముతో వెదకినను ఆ వ్యాసము దొరకునట్లు సూచికను యంత్రముచే తయారుచేయించుట మొదటిది. 1961 నాటికే రసాయన వ్యాసముల శీర్షికల పత్రిక యొకటి ఈ పద్ధతిపై నడచెను. వ్యాసములోని పదములు ఎన్నిసారులు వచ్చినవో లెక్కించి, ముఖ్యమైన వాక్యములను యంత్రమే ఏరి సంగ్రహము చేయుట రెండవది. 1961 లో ఆయన ఐ.బి.ఎం. నుండి విరమించెను. 1964 లో అమెరికా దేశపు డాక్యుమెంటేషన్ సంస్థకు అధ్యక్షుడుగా నుండగనే, ఆగస్టు 19 వ తేదీన తన 68 వ యేట దివంగతుడయ్యెను.

ఆయన గతించిన పిమ్మట ఆయన విత్తనము మహావృక్షమైనది. పుస్తకమునకు అరను చూపుటకై పుట్టిన పద్ధతి, వస్తువునకు గుర్తును పుట్టించు పద్ధతిగా మారినది. 1991 లో రివెస్ట్ అనునాయన ఎం.డి. 5 అను హాష్ విధానమును రచించెను. ఎంత పెద్ద గ్రంథము నిచ్చినను అది 32 గుర్తుల పొడవుగల ముద్రగా మార్చును. 2004 లో చైనా దేశపు శాస్త్రజ్ఞురాలు వాంగ్ గారును ఆమె సహచరులును రెండు వేఱు వస్తువులకు ఒకే ముద్ర వచ్చునట్లు చేయవచ్చునని చూపిరి. నాటినుండి దానిపై నమ్మకము తగ్గినది. ఎం.డి. 5 కు తరువాత వచ్చిన ఎస్.హెచ్.ఎ. 256 అను విధానము 64 గుర్తుల ముద్ర నిచ్చును. అందు సాధ్యమైన ముద్రల లెక్క వ్రాయవలెనన్న 78 అంకెలు కావలయును.

పైతాన్ వంటి స్క్రిప్టు భాషలలో నేడు పాఠశాల విద్యార్థులు సైతము ఈ ముద్రలను రెండు మూడు పంక్తులలో పుట్టించుచున్నారు. అది సంతోషకరమే. ఐనను పని సులభమైనప్పుడు జాగ్రత్త సన్నగిల్లును. కావున గ్రంథాలయ సభ్యులకో, పరీక్షా పత్రములకో గుర్తుసంఖ్యలు తయారుచేయు విద్యార్థులకు కొన్ని సంగతులు చెప్పదలచినాము.

హాష్ ముద్ర లేని భేదమును పుట్టింపజాలదు. ప్రకాశరావు అను పేరును ఇచ్చినచో ఎన్నిసారులైనను ఒకే ముద్ర వచ్చును. ఇద్దరు ప్రకాశరావులు ఒకరుగనే మిగిలిపోవుదురు. పేరుతో పాటు ప్రవేశసంఖ్యను, చేరిన సంవత్సరమును కలిపి ఇయ్యవలయును. కలుపునప్పుడు నడుమ ఒక గుర్తు నుంచవలయును. 12 ను 3 ను కలిపినను, 1 ని 23 ను కలిపినను 123 యే యగును గదా!

పైతాన్ భాషలో హాష్ అను పేరుగల చిన్న సాధనము గలదు. 2012 లో వచ్చిన 3.3 కూర్పు మొదలుకొని, అది పదముల కిచ్చు సంఖ్య ప్రోగ్రాము నడపిన ప్రతిసారియు మారుచుండును. రిజిస్టరులో నిలిచియుండవలసిన గుర్తునకు అది పనికిరాదు. అందులకు హాష్‌లిబ్ అను భాగములోని ఎస్.హెచ్.ఎ. 256 ను వాడవలయును.

ముద్ర పొడవుగా నున్నదని దానిని తెగగోయుటలో ప్రమాదము గలదు. 40 మందిగల తరగతిలో ఇద్దరి పుట్టినదినము ఒకటియే యగుటకు నూటికి 89 పాళ్ళు అవకాశము గలదు. 365 దినములున్నవి గదా యని ధైర్యము చెందరాదు. అట్లే 64 గుర్తుల ముద్రలో మొదటి 4 మాత్రము ఉంచుకొన్నచో సాధ్యమైన ముద్రలు 65,536 మాత్రమే. సుమారు 300 మంది చేరినప్పటికే ఇద్దరికి ఒకే గుర్తు వచ్చుటకు సగము అవకాశము ఏర్పడును. కావున క్రొత్త గుర్తు నిచ్చుటకు ముందు అది ఇదివఱకే రిజిస్టరులో నున్నదేమో చూడవలయును. 1953 లో లూన్ చెప్పిన విచారణయు ఇదియే. ఇంకొకటి, ఫోను సంఖ్యను ముద్రగా మార్చినంతమాత్రమున అది దాగదు. పది అంకెల సంఖ్యలన్నిటిని కంప్యూటరుతో ప్రయత్నించి చూచి, ఏది ఆ ముద్ర నిచ్చునో కనుగొనవచ్చును. ఇతరుల వివరములు మన చేతిలో నున్నప్పుడు ఈ సంగతిని మఱవరాదు.

లూన్ జీవితమును పరికించినచో ఒక గుణము స్పష్టముగా కనబడును. ఆయన మనుష్యుడు తప్పు చేయడని తలంపలేదు. రెండు వస్తువులు ఒకే చోటికి రావని తలంపలేదు. తప్పు వచ్చుననియే యొప్పుకొని, వచ్చినప్పుడు ఎవ్వరికిని హాని కలుగకుండ ముందుగా ఏర్పాటు చేసెను. లెక్క చేసిన తరువాత మరల సరిచూచుకొను విద్యార్థియు, దరఖాస్తులో ప్రతి యంకెను వ్రేలు పెట్టి చదువుకొను తండ్రియు, మార్కుల పట్టీని రెండుసారులు పోల్చు ఉపాధ్యాయుడును ఆయన మార్గముననే నడచుచున్నారు. సంఖ్య వెనుక ఒక మనుష్యుడు గలడు. ఆ సంఖ్యను సరిగా వ్రాయుట అతనికి మనము చేయవలసిన న్యాయము.